కొల్లేటి గట్టున కొత్త సినిమా: పైరసీ చర్చపై ఒక సమీక్ష

2025 నవంబరు మధ్యలో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు, పైరసీ వెబ్‌సైటు ఐబొమ్మను నడుపుతున్నాడన్న ఆరోపణ మీద విశాఖకు చెందిన ఒక యువకుణ్ణి కూకట్‌పల్లిలో అరెస్టు చేశారు. ఆ తర్వాత కమిషనర్ సజ్జనార్ పెట్టిన విలేకరుల సమావేశానికి చిరంజీవి, నాగార్జున, రాజమౌళి వచ్చి పోలీసులకు కృతజ్ఞతలు చెప్పారు. అదే వారంలో మన ఫోన్లలో ఇంకో గొంతు కూడా గట్టిగా వినిపించింది. టికెట్ కొనలేని వాడికి సినిమా చూపించిన మనిషిని దొంగ అంటారేమిటని వేలమంది రాశారు, వీడియోలు చేశారు.

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల్లోనూ, కైకలూరు, ఆకివీడు చుట్టూ ఉన్న కొల్లేటి లంకల్లోనూ ఈ రెండు గొంతులూ వినిపిస్తాయి. అభిమాన హీరో కటౌట్‌కు చందా వేసుకున్న కుర్రాడే ఆ పక్క వారం ఇంకో హీరో సినిమాను టెలిగ్రాంలో దించుకుంటాడు. వాణ్ణి తప్పుపట్టి ఊరుకుంటే చర్చ తెగదు, వెనకేసుకొచ్చినా తెగదు. పైరసీ అని మనం కలిపి మాట్లాడుతున్నవి నిజానికి నాలుగైదు వేర్వేరు పనులు. వాటి వెనక ఉన్న మనుషులు వేరు, నష్టపోయేవాళ్లు వేరు, విరుగుడు కూడా వేరు. ఈ నలభై ఏళ్ల కథను, చట్టాన్ని, కోర్టు తీర్పులను, నష్టం లెక్కలను ఒకచోట పెట్టి చూస్తే ఆ తేడా తెలుస్తుంది.

రీలు పెట్టె నుంచి టెలిగ్రాం దాకా

తెలుగు సినిమాకు ఈ ప్రాంతం ఇచ్చింది తక్కువేం కాదు. ఎల్.వి. ప్రసాద్‌ది ఏలూరు పక్కనే ఉన్న సోమవరప్పాడు. ఎస్.వి. రంగారావు పుట్టిన నూజివీడు 2022 నుంచి ఏలూరు జిల్లాలోనే ఉంది. రేలంగి తాడేపల్లిగూడెంలో స్థిరపడి, అక్కడే రేలంగి చిత్రమందిర్ కట్టించి, 1975లో ఆ ఊళ్లోనే కన్నుమూశారు. తెర మీద నవ్వించి సంపాదించిన డబ్బుతో తాను స్థిరపడిన ఊళ్లో తెర కట్టిన నటుడు ఆయన.

సినిమా వ్యాపారం తనకంటూ వేరే పటం గీసుకుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం ‘వెస్ట్’ (పశ్చిమ గోదావరి) కిందికి వస్తే, కైకలూరు ‘కృష్ణా’ కిందికి వస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారి కైకలూరు ఏలూరు జిల్లాలో కలిసినా, వసూళ్లు ఇప్పటికీ వెస్ట్ ఇంత, కృష్ణా ఇంత అనే చెప్పుకుంటారు. ఆ పటంలోనే ఎ, బి, సి సెంటర్లు అనే మెట్లు కూడా ఉండేవి. ప్రింట్లు కొన్నే తీసేవారు. అవి ముందు పెద్ద ఊళ్లలో ఆడి, అరిగి, గీతలు పడ్డాక రీలు పెట్టెల్లో బస్సులెక్కి చిన్న ఊళ్లకు వచ్చేవి. ఏలూరులో విడుదలైన సినిమా లంక గ్రామాల వాళ్లకు దగ్గరి హాల్లో దొరికేసరికి నెలలు గడిచేవి.

ఆ నెలల ఖాళీలోకే వీడియో వచ్చింది. 1980లలో పెళ్లికో, పండక్కో, వినాయక చవితి పందిట్లోనో టీవీ, డెక్కు అద్దెకు తెచ్చి రాత్రంతా మూడు సినిమాలు వేయడం మన ఊళ్లలో మామూలు. ఊరూరా వీడియో పార్లర్లు వెలిశాయి. దాన్ని అదుపు చేయడానికే 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు, క్యాసెట్ మీద హక్కుదారు పేరు, సెన్సారు వివరాలు ఉండాలన్నారు. ఆ తర్వాత సీడీలు వచ్చాయి. వాటి వెనక సెల్ షాపులు వచ్చాయి. మెమరీ కార్డు ఇచ్చి, ఇరవయ్యో ముప్పయ్యో చేతిలో పెడితే పాటలు, సినిమాలు నింపి ఇచ్చేవారు. 2016 సెప్టెంబరులో జియో రావడంతో ఆ షాపుతో కూడా పని లేకపోయింది.

ఈ కథలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. హక్కుదారు సరుకు ఆలస్యంగా చేరిన ప్రతిచోటా దొంగ సరుకు ముందు చేరింది. 2005 తర్వాత క్యూబ్, యూఎఫ్‌వో వంటి డిజిటల్ పద్ధతులు వచ్చి రీలు పెట్టెను తప్పించాయి. హైదరాబాద్‌లో ఆడే మొదటి రోజే కైకలూరులోనూ ఆడుతోంది. థియేటర్ వరకు ఆలస్యం పోయింది. దాని స్థానంలో టికెట్ ధర, దూరం వచ్చి కూర్చున్నాయి.

పెదన నేర్పింది

2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే గంటన్నర నిడివి బయటికి వచ్చేసింది. పోలీసులు తీగ లాగితే కృష్ణా జిల్లా పెదనలోని సీడీ దుకాణం దగ్గర దాని జాడ దొరికింది. కైకలూరు నుంచి గుడివాడ మీదుగా వెళితే ఎంతో దూరం కాని ఊరు. నిర్మాణ పనుల్లో ఉన్న ఒక సహాయకుడి దగ్గర నుంచి కాపీ స్నేహితుల చేతులు మారుతూ అక్కడిదాకా వచ్చిందని దర్యాప్తులో తేల్చారు. నిర్మాత అక్టోబరు దాకా ఆగకుండా సెప్టెంబరు 27నే సినిమాను విడుదల చేశారు. జనం సానుభూతితో థియేటర్లకు వచ్చారు. సినిమా ఆ రోజుల్లో రికార్డు వసూళ్లు చేసింది.

పైరసీ వల్ల సినిమాకు ఏమీ కాదని వాదించేవాళ్లు ఈ సినిమానే చూపిస్తారు. ఆ వాదన నిలవదు. అంత పెద్ద హీరో, అంత వేగంగా కదిలిన పోలీసులు, ముందుకు జరపగలిగిన విడుదల తేదీ, ఈ మూడూ కలిస్తే అది గట్టెక్కింది. కొత్తవాళ్లతో తీసిన చిన్న సినిమాకు ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు. ‘కేరాఫ్ కంచరపాలెం’ లాంటి సినిమా బతికేది చూసినవాళ్లు ఇంకొకరికి చెప్పడం వల్ల, రెండో వారం హాలు నిండడం వల్ల. ఆ రెండో వారాన్నే పైరసీ తినేస్తుంది.

పెదన నేర్పిన అసలు పాఠం ఇంకొకటి. దొంగతనం ఊళ్లోని సీడీ దుకాణంలో మొదలు కాలేదు, ఎడిటింగ్ గదికి దగ్గరగా మొదలైంది. పన్నెండేళ్ల తర్వాత కూడా తీరు మారలేదు. 2025 సెప్టెంబరు నెలాఖరులో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠాలో ఒకడు, థియేటర్లకు సినిమాలు పంపే డిజిటల్ కంపెనీల సర్వర్లలోకే చొరబడ్డాడని వాళ్లు ప్రకటించారు. చేపల చెరువుకు గండి పడితే కొల్లేటి రైతు ముందు గండి పూడుస్తాడు, కాలవలోకి పోయిన చేపల వెంట వలేసుకుని పరిగెత్తడు. సినిమా పరిశ్రమ మాత్రం ఏళ్ల తరబడి లింకుల వెంట పరిగెత్తి, తన సర్వర్ల కాపలాను ఆలస్యంగా పట్టించుకుంది.

చట్టం చేతిలో ఏముంది

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని 63వ సెక్షన్ ప్రకారం తెలిసి హక్కు ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. ఇది బెయిలు దొరికే నేరమా కాదా అన్న దాని మీద హైకోర్టులు చాలాకాలం భిన్నంగా మాట్లాడాయి. అమర్‌నాథ్ వ్యాస్ కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దీన్ని నాన్‌బెయిలబుల్‌గా చూడలేదు. 2022 మేలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు ఆ చర్చకు తెర దించింది. ఇది వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన, నాన్‌బెయిలబుల్ నేరమేనని తేల్చింది.

2012 సవరణ రెండు వైపులా పదునున్న సవరణ. డిజిటల్ తాళాలను పగలగొట్టడాన్ని నేరం చేసింది. అదే చేత్తో పాటల రచయితలకు, సంగీత దర్శకులకు వదులుకోవడానికి వీల్లేని రాయల్టీ హక్కు ఇచ్చింది. కాపీరైట్ అంటే నిర్మాత పెట్టెకు తాళం ఒక్కటే కాదు, పాట రాసిన మనిషికి ముసలితనంలో అందే అన్నం కూడా అని ఆ సవరణ ఒప్పుకుంది.

2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం సవరించి థియేటర్లో రికార్డు చేయడానికి విడిగా శిక్ష పెట్టారు. కనీసం మూడు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు. జరిమానా 3 లక్షల నుంచి సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా. అదే ఏడాది నవంబరులో కేంద్ర సమాచార ప్రసార శాఖ నోడల్ అధికారులను నియమించింది. వాళ్లకు ఫిర్యాదు అందితే 48 గంటల్లో ఆ లింకును తీయించే ఏర్పాటు చేసింది. పొరుగున తమిళనాడు 2004లోనే వీడియో పైరసీదారులను గూండా చట్టం కిందికి తెచ్చింది. తెలంగాణ 2016లో మేధోసంపత్తి నేరాలకు ప్రత్యేక పోలీసు విభాగం పెట్టింది.

చట్టాలకు కొరత లేదని దీన్నిబట్టే తెలుస్తోంది. వాటిని ఎవరి మీద ప్రయోగిస్తున్నామన్నదే చూడాలి. 2025 జనవరిలో ‘గేమ్ ఛేంజర్’ను గాజువాక ప్రాంతపు స్థానిక చానెల్ ప్రసారం చేసింది. ఫిబ్రవరిలో ‘తండేల్’ విడుదలైన కొద్ది రోజులకే పలాస నుంచి విజయవాడ వెళ్లే ఆర్టీసీ బస్సులో దాని దొంగ కాపీ వేశారు. ఆ బస్సు వెళ్లేది ఏలూరు మీదుగా పోయే హైవే మీదే. డబ్బిచ్చి టికెట్ తీసుకున్న ప్రయాణికుల ముందు, ప్రభుత్వ సంస్థ పేరున్న బండిలో అలా జరిగితే అది చేపల చెరువు గట్టున కాపలా పాకలో కూర్చుని ఫోను చూసే మనిషి తప్పుతో సమానం కాదు. కేబుల్ చానెల్, బస్సు, వెబ్‌సైటు వ్యాపారాలు. వాటికి వచ్చే డబ్బుకు జాడ ఉంటుంది.

ఇక్కడ బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి గౌతమ్ పటేల్ 2016లో స్పష్టం చేసిన సంగతి గుర్తు పెట్టుకోవాలి. అనుమతి లేకుండా పంపిణీ చేయడం, బహిరంగంగా ప్రదర్శించడం, అమ్మడం, అద్దెకివ్వడం నేరం. ఊరికే చూడటం నేరం కాదు. ఊళ్లో కుర్రాడి ఫోను లాక్కుని కేసు పెడతామని బెదిరించేవాళ్లకు చట్టం అంత చనువివ్వలేదు.

కోర్టులు నడిచిన దారి

ఎవరో తెలియని ప్రతివాది మీద ముందస్తుగా ఉత్తర్వు ఇచ్చే పద్ధతిని మన కోర్టులు 2002లో మొదలుపెట్టాయి. ప్రపంచకప్ ఫుట్‌బాల్ ప్రసారాలను దొంగిలించే కేబుల్ ఆపరేటర్ల మీద ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు అది. 2012లో తమిళ ‘3’, తెలుగు ‘దమ్ము’ సినిమాల కోసం మద్రాసు హైకోర్టు నుంచి అలాంటివే తెచ్చుకున్నారు. ఇంటర్నెట్ కంపెనీలు భయపడి, సొంత వీడియోలు పెట్టుకునే విమియో లాంటి సైట్లను కూడా మొత్తంగా మూసేశాయి. చివరికి హైకోర్టే కలగజేసుకుని, నేరం ఉన్న పేజీ చిరునామానే మూయాలి, సైటు మొత్తాన్ని కాదు అని సవరించింది.

2019 ఏప్రిల్‌లో యూటీవీ కేసులో ఢిల్లీ హైకోర్టు ఇంకో అడుగు వేసింది. ఒక దొంగ సైటును మూస్తే పేరులో ఒక అక్షరం మార్చి మళ్లీ పుడుతోంది కాబట్టి, కొత్త పేర్లను అదే ఉత్తర్వులో చేర్చుకుంటూ పోవచ్చంది. 2023లో భవిష్యత్తులో తయారయ్యే సినిమాలకు కూడా రక్షణ చేర్చింది. ఐబొమ్మకు లెక్కలేనన్ని పేర్లు ఉండటం చూసినవాళ్లకు ఈ ఉత్తర్వుల అవసరం అర్థమవుతుంది. మూసేముందు ఆ సైటు పూర్తిగా దొంగదేనా అని నిదానంగా చూడాలన్న షరతు కూడా 2019 తీర్పులోనే ఉంది. ఆ షరతును అమలు చేయడం మీదే న్యాయం ఆధారపడి ఉంది.

హక్కుల పేరుతో అతి చేస్తే ఏమవుతుందో పెళ్లిపందిళ్లు చూపించాయి. పెళ్లిలో పాటలు వేసినందుకు లైసెన్సు సొమ్ము కట్టమని ఫంక్షన్ హాళ్లను, హోటళ్లను అడిగే పద్ధతి దేశమంతా వ్యాపించింది. చట్టంలోని 52వ సెక్షన్ పెళ్లి ఊరేగింపును, పెళ్లికి సంబంధించిన వేడుకలను ముందే మినహాయించింది. ఆ మాట గుర్తు చేస్తూ 2023 జులైలో కేంద్రం బహిరంగ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. చట్టం ఇచ్చిన మినహాయింపును కూడా కాదనే హక్కుదారు మాటకు జనంలో విలువ తగ్గుతుంది.

నష్టం ఎంత?

సలహా సంస్థ ఈవై, ఇంటర్నెట్ కంపెనీల సంఘం ఐఏఎంఏఐ కలిసి 2024 అక్టోబరులో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2023లో మన దేశంలో పైరసీ వ్యాపారం విలువ 22,400 కోట్ల రూపాయలు. అందులో థియేటర్ల నుంచి తీసిన సినిమాల వాటా 13,700 కోట్లు, ఓటీటీల నుంచి తీసినవాటి వాటా 8,700 కోట్లు. సినిమాలు, సిరీస్‌లు చూసేవాళ్లలో 51 శాతం మంది దొంగదారి తొక్కుతున్నారని కూడా అది చెప్పింది. 2024లో తెలుగు సినిమా పరిశ్రమ ఒక్కదానికే 3,700 కోట్ల నష్టం జరిగిందని హైదరాబాద్ పోలీసులు చెప్పారు.

ఈ అంకెలను కొంత జాగ్రత్తగా చదవాలి. ఉచితంగా చూసిన ప్రతివాడూ, ఆ దారి లేకపోతే టికెట్ కొనేవాడే అనుకుంటే లెక్క ఉబ్బుతుంది. జేబులో డబ్బు లేనివాడు ఆ సినిమా చూడకుండా ఊరుకునేవాడు, అంతే. యూరోపియన్ కమిషన్ ఆరు దేశాల్లో చేయించి, 2017లో వెలుగులోకి వచ్చిన అధ్యయనం ఇదే ప్రశ్న అడిగింది. సంగీతం, పుస్తకాలు, ఆటల విషయంలో పైరసీ అమ్మకాలను తగ్గించిందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. ఒక్కచోట మాత్రం దొరికింది. కొత్తగా విడుదలైన పెద్ద సినిమాలను దొంగచాటుగా పదిసార్లు చూస్తే, సక్రమంగా చూడటం నాలుగుసార్లు తగ్గుతోంది. విడుదలకు ముందే బయటపడితే నష్టం మరింత పెద్దదని అమెరికాలో కార్నెగీ మెలన్ పరిశోధకులు చూపించారు. విడుదల తర్వాత లీకైనదానితో పోలిస్తే వసూళ్లు సుమారు 19 శాతం తగ్గాయని వాళ్ల లెక్క.

బ్రిటన్ అనుభవం కూడా మనకు పనికొస్తుంది. ఒక్క సైటును మూస్తే జనం పక్క సైటుకు పోయారు, ఫలితం శూన్యం. చాలా సైట్లను ఒకేసారి మూసినప్పుడు మాత్రం డబ్బు కట్టి చూసే సేవల వాడకం పెరిగింది. ఫ్రాన్స్ 2009లో చూసేవాడి మీదికే పోయింది, మూడుసార్లు పట్టుబడితే ఇంటర్నెట్ కోసేస్తామంది. 2013లో ఆ శిక్షను ఎత్తేసుకుంది.

ఈ ఆధారాలన్నీ ఒక్కచోటికే చేరుతున్నాయి. కొత్త సినిమాకు మొదటి వారాల్లో జరిగే నష్టం నిజమైనది. దాన్ని ఆపడానికి మూలం మీద, వ్యాపారం మీద కొట్టే దెబ్బ పనిచేస్తుంది. ప్రేక్షకుడి మీద కొట్టే దెబ్బ పనిచేయదు.

ప్రేక్షకుడి మాట

కొల్లేటి చేపల చెరువు గట్టు మీద కాపలా పాక ఎలా ఉంటుందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. తాటాకు కప్పు, నులక మంచం, మూలన మేత బస్తాలు, టార్చి లైటు. చేపలు దొంగల పాలు కాకుండా రాత్రంతా మేలుకోవాలి. మేలుకోవడానికి చేతిలో ఉన్నది ఫోనే. చెరువు వదిలి కైకలూరో, ఆకివీడో వెళ్లి సెకండ్ షో చూసే వీలు ఆ మనిషికి లేదు. ఒక ఓటీటీలో ఒక సినిమా, మరో ఓటీటీలో మరో సినిమా. అన్నిటికీ చందాలు కట్టాలంటే అతనికి అయ్యే పని కాదు. అవతల ఐబొమ్మలో తెలుగు సినిమా పోస్టర్లు వరసగా ఉండి, నొక్కితే ఆడేవి. తక్కువ డేటాతో ఆడేవి. వాడుక తేలికగా ఉండటంలో ఆ దొంగ సైటు, డబ్బు తీసుకునే సేవలను దాటిపోయిందన్నది ఒప్పుకోవాల్సిన సత్యం.

ధర సంగతీ చూడాలి. 2021 ఏప్రిల్‌లో అప్పటి ప్రభుత్వం ఇచ్చిన 35వ నంబరు జీవో పంచాయతీల్లో ఏసీ లేని హాలుకు అయిదు రూపాయల టికెట్ పెట్టింది. ఆ ధరతో కరెంటు బిల్లు కూడా రాదని హాళ్లు మూతపడే స్థితి వచ్చింది. 2022 మార్చిలో దాన్ని 20 నుంచి 250 రూపాయల మధ్యకు సవరించారు. మళ్లీ ఇటీవల పెద్ద సినిమాలకు ప్రత్యేక అనుమతులతో పెంచుకుంటూ పోయి, 2025 సెప్టెంబరులో ‘ఓజీ’ ప్రీమియర్‌కు వెయ్యి రూపాయలు వసూలు చేశారు. అయిదు రూపాయలు హాలు యజమానికి అన్యాయం. వెయ్యి రూపాయలు ప్రేక్షకుడికి అన్యాయం. ఈ రెండింటి మధ్య నిలకడైన ధర లేకపోవడం వల్లే మధ్యతరగతి కుటుంబం హాలు వైపు వెళ్లడం మానుకుంటోంది.

2011లో వచ్చిన ‘మీడియా పైరసీ ఇన్ ఎమర్జింగ్ ఎకానమీస్’ అనే అంతర్జాతీయ అధ్యయనం భారత్‌ను కూడా పరిశీలించి, పేద దేశాల్లో పైరసీకి మూలం ధరల్లోనే ఉందని చెప్పింది. ఈ వాదనలో బలం ఉంది. దాన్ని పట్టుకుని దొంగ సైటువాణ్ణి దాత అనడం మాత్రం మోసపోవడమే. ఆ సైట్లు బెట్టింగ్ యాప్‌ల ప్రకటనలతో బతుకుతున్నాయి. సినిమా ఉచితంగా చూపించి, చూసినవాణ్ణి జూదం వైపు నెట్టడం వాళ్ల ఆదాయం. గోదావరి జిల్లాల్లో బెట్టింగ్ అప్పులకు కుటుంబాలు ఎంత నలిగిపోయాయో మనకు తెలుసు. సినిమా అని చెప్పి దించుకోమనే ఏపీకే ఫైలు ఒక్కటి చాలు, ఫోనులోని ఓటీపీలు, బ్యాంకు ఖాతా పరుల చేతికి పోవడానికి. టికెట్ డబ్బు మిగిలిందనుకున్న పేదవాడే చివరికి ఎక్కువ చెల్లిస్తున్నాడు.

పుస్తకం దగ్గర లెక్క మారుతుంది

కాపీరైట్ చర్చను సినిమాతోనే ముగిస్తే సగమే అవుతుంది. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్‌ఐటీ ఉంది. పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. పరిశోధన వ్యాసం ఒక్కటి చదవడానికి విదేశీ ప్రచురణకర్తలు అడిగే ధర మన విద్యార్థి నెల ఖర్చులో పెద్ద భాగం. అందుకే ఆ వ్యాసాలను అనుమతి లేకుండా ఉచితంగా ఇచ్చే సై-హబ్ సైటు వాడకం దేశమంతా పాకింది. ఎల్సెవియర్ తదితర ప్రచురణకర్తలు 2020లో దాని మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. 2025 ఆగస్టులో దాన్ని మూయమని కోర్టు ఆదేశించింది.

అప్పటికే కేంద్రం రెండో దారి తెరిచింది. 2025 జనవరి 1 నుంచి ‘ఒక దేశం ఒక చందా’ పథకం కింద మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టి, సుమారు 6,300 ప్రభుత్వ సంస్థలకు 13,000 పరిశోధన పత్రికలను అందుబాటులోకి తెచ్చింది. వ్యాసం సక్రమంగా చేతికి అందితే దొంగదారి తొక్కాల్సిన అవసరం ఉండదు. ప్రైవేటు యాజమాన్యాల కింద ఉన్న కళాశాలలను ఇందులో త్వరగా చేర్చడం ఇక జరగాల్సిన పని. పాఠ్యభాగాల ఫొటోకాపీ విషయంలో 2016లోనే ఢిల్లీ హైకోర్టు విద్యార్థుల పక్షాన నిలిచి, బోధన కోసం చేసే నకలు ఉల్లంఘన కాదంది.

హక్కుకు గడువు ఉందన్న సంగతి కూడా మనం మరిచిపోతున్నాం. రచన మీద హక్కు రచయిత పోయాక 60 ఏళ్లు, సినిమా మీద హక్కు విడుదలయ్యాక 60 ఏళ్లు. భీమవరం ప్రాంతపు అడివి బాపిరాజు 1952లో కన్నుమూశారు. ఆయన నవలలు 2013 నుంచి అందరి సొత్తు. ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, నెట్‌లో పెట్టుకోవచ్చు. 1959 సంక్రాంతికి వచ్చిన ‘అప్పుచేసి పప్పుకూడు’ను తీసింది సోమవరప్పాడు ప్రసాద్, నటించినవాళ్లలో నూజివీడు రంగారావు, గూడెం రేలంగి ఉన్నారు. పాటల సాహిత్యానికి, సంగీతానికి వేరే గడువులున్నా, ఆ చిత్రం మీద హక్కు 2019తో ముగిసింది. గడువు తీరినవాటిని శుభ్రమైన ప్రతులుగా తయారుచేసి గ్రంథాలయాల ద్వారా జనానికి ఇవ్వడం ప్రభుత్వం చేయదగిన పని. అలా చేస్తే గడువు తీరనివాటిని గౌరవించమని అడిగే నైతిక బలం కూడా వస్తుంది.

ఎవరేం చేయాలి

ఇప్పటిదాకా చూసినదాన్ని బట్టి తేల్చుకోవచ్చు. విడుదలకు ముందు లీకు పరిశ్రమ ఇంటి సమస్య. సర్వర్ల భద్రత, ఎడిటింగ్ గదిలో ఎవరి చేతిలో ఏ కాపీ ఉందన్న లెక్క నిర్మాతలే చూసుకోవాలి. హాల్లో రికార్డింగ్ విషయంలో ఏ హాలులో ఏ ఆటలో తీశారో చెప్పే కనపడని గుర్తులు డిజిటల్ ప్రింట్లలో ఇప్పటికే ఉన్నాయి. ఆ సమాచారం రోజుల్లో పోలీసులకు చేరాలి. వెబ్‌సైట్లు, టెలిగ్రాం చానళ్ల మీద కోర్టుల ఉత్తర్వులతోపాటు బెట్టింగ్ ప్రకటనల డబ్బును ఆపాలి. ఆ డబ్బు ఆగితే పేరు మార్చుకుని మళ్లీ పుట్టే ఓపిక ఎవరికీ ఉండదు. చదువుకు సంబంధించిన నకలును వీటితో కలిపి నేరం కింద చూడకూడదు.

అందుబాటు పెంచడం వీటికంటే ముఖ్యం. 2023 జూన్‌లో ఏపీ ఫైబర్‌నెట్ ‘ఫస్ట్ డే ఫస్ట్ షో’ అని 99 రూపాయలకు ఇంటిల్లిపాదీ కొత్త సినిమా చూసే ఏర్పాటు మొదలుపెట్టింది. ‘నిరీక్షణ’ అనే చిన్న సినిమాతో ఆరంభించారు. పెద్ద సినిమాలు అటువైపు రాకపోవడంతో అది పల్లెకు చేరాల్సినంతగా చేరలేదు. ఆ ఆలోచనను మళ్లీ బతికించాలి. చిన్న సినిమాకు హాలు దొరకని ఊళ్లలో మొదటి రోజే, మిగతావాటికి కొన్ని వారాల తర్వాత, ఒక్కో సినిమాకు ముప్పయ్యో నలభయ్యో తీసుకుని, చందా అక్కర్లేకుండా చూసే వీలు కల్పించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద లోపు టికెట్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు ప్రేక్షకుడి జేబుకు చేరేలా జిల్లా యంత్రాంగం చూడాలి. పెంచుకునే ధరలకు ప్రభుత్వం ఒక హద్దు పెట్టి, సినిమాను బట్టి, హీరోను బట్టి దాన్ని మార్చకూడదు.

చదువరులకు ఒక మనవి. లైట్‌బాయ్, మేకప్ సహాయకుడు, కొత్త రచయిత, ఊళ్లో హాలు నడిపే మనిషి మన టికెట్ మీదే బతుకుతున్నారు. కొత్త సినిమా మొదటి నెల దొంగ లింకు తెరవకండి, ముందుకు పంపకండి. ఏపీకే ఫైలు ఎవరు పంపినా దించుకోకండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. టికెట్ ధర అన్యాయంగా ఉంటే ఎమ్మెల్యేకు, కలెక్టరుకు, నిర్మాతకు గట్టిగా చెప్పండి. అడిగే హక్కు మనకుంది, ఆ హక్కు వాడుకోవడమే పైరసీకి మనం ఇవ్వగల అసలైన జవాబు.